వెలుగు తగిలిన సీసా

లేజర్ గదిలో పొద్దున్నే మొదటి పని డిటెక్టరు దాహం తీర్చడం. లేజరక్క మోచేతుల దాకా తోలు గ్లవ్స్ తొడుక్కుని, పెద్ద ఫ్లాస్కులోంచి ద్రవ నైట్రోజన్‌ను గరాటులోకి వంచుతుంది. తెల్లటి పొగ ఆమె చేతుల మీదుగా పారి నేల మీదికి దిగుతుంది. డిటెక్టరు కాసేపు బుసలు కొట్టి సద్దుమణుగుతుంది. "తాగావా? ఇక పని చెయ్యి," అంటుంది ఆమె. పంతొమ్మిదేళ్లుగా ఏదో ఒక డిటెక్టరుతో ఆమె అనే మాట అదే. ఏదీ ఇంతవరకు జవాబు చెప్పలేదు, ఆమె అడగడమూ మానలేదు.

ఆ సోమవారం గదిలో పిట్ట కూడా ఉంది. రెండో ఏడాది రీసెర్చి చేస్తున్న అమ్మాయి. మనిషి చిన్నది, గొంతు పెద్దది, ఒకచోట కాలు నిలవదు. పేరు ఎవరు పెట్టారో గానీ అతికినట్టు సరిపోయింది. అలాంటిది ఆ పొద్దున రేకు చుట్టిన సీసాను రెండు చేతుల్లో పట్టుకుని కదలకుండా నిలబడింది.

"అక్కా, ఈసారైనా అంకె దిగుతుందంటావా?"

"నన్నడిగితే? తెరనడుగు."

ఆ గదిలో జరిగే పని చెప్పాలంటే చాలా చిన్నది. టోలీన్ అనే ద్రావకంలో కరిగిన ఊదా రంగు మీద లేజరు ఆకుపచ్చ దెబ్బ కొడుతుంది. ఆ రంగు తనకు తగిలిన దెబ్బను పక్కనున్న ఆక్సిజన్‌కు అందించి తాను తప్పుకుంటుంది. అంతవరకు బుద్ధిగా ఉన్న ఆక్సిజన్ రెచ్చిపోతుంది. చదువుకున్నవాళ్లు దాన్ని సింగ్లెట్ ఆక్సిజన్ అంటారు, లేజరక్క కోపిష్టి అంటుంది. రంగులు వెలిసిపోవడానికి, నూనెలు చెడిపోవడానికి, ఎండలో చర్మం కమిలిపోవడానికి ఆ కోపమూ ఒక కారణం. టోలీన్‌లో దాని ఆయుష్షు ముప్పై మైక్రోసెకన్లు. దాన్ని శాంతపరచగల అణువు ఏదైనా కలిపితే ఇంకా ముందే చల్లారుతుంది. చల్లారేలోపు అది విడిచే కంటికి కనబడని మినుకును డిటెక్టరు పట్టుకుంటే, తెర మీద ఒక గీత లేచి కిందికి జారుతుంది. ఎంత గబగబా జారితే కలిపిన అణువు అంత గొప్పది.

ఈ ల్యాబు నడిపే సారుకు పేరు తెచ్చిన అణువు ఒక అడవి కాయ తొక్కలోంచి వచ్చింది. లేత పసుపు పొడి. చిటికెడు కలిపితే ముప్పై కాస్తా ఏడుకు పడిపోతుందని ఆయన అచ్చు వేసిన వ్యాసం చూసే ఈ గదికి కొత్త లేజరు ఇచ్చారు. ఆయన వినకుండా అందరూ తొక్క సారు అనుకున్నా, ఆయన ఎదుట పడితే మాత్రం ఒద్దికగా పక్కకు తప్పుకుంటారు.

పిట్ట సీసాలోని పొడి తెల్లగా ఉంది.

లేజరక్క దీపాలు ఆర్పింది. ఇద్దరూ నారింజ రంగు కళ్లద్దాలు పెట్టుకున్నారు. లేజరు టిక్ టిక్‌మంటూ కొట్టడం మొదలుపెట్టింది. గీత లేచింది, తీరిగ్గా, ఎవరూ తరమనట్టు జారింది. తెర మూలన అంకె పడింది. ఇరవై తొమ్మిది.

"ఒక్కటంటే ఒక్క మైక్రోసెకను," అంది పిట్ట. "దీనికంటే పంచదార కలిపినా నయమే."

"టోలీన్‌లో పంచదార కరగదు."

"అక్కా, జోకులొద్దు."

తలుపు మీద రెండుసార్లు తట్టి సారు లోపలికి వచ్చాడు. చీకట్లో లేజరు నడుస్తుంటే తట్టకుండా రాకూడదన్న నియమం పెట్టింది ఆయనే, తప్పకుండా పాటించేదీ ఆయనే. తెర చూశాడు. సీసా తీసుకుని రేకు విప్పి, చిన్న టార్చి వేసి చూశాడు.

"మళ్లీ అదే కథ. వెలుగు తగిలింది. పసుపు పోయి తెల్లబడింది. అణువు చచ్చిపోయాక ఇంకేం చల్లారుస్తుంది?"

"లేదు సార్, రెండుసార్లు కాలమ్ వేసి శుద్ధి చేశాను. కాలమ్‌లోంచే తెల్లగా వచ్చింది."

"అంటే కాలమ్ దగ్గరే తగిలిందన్నమాట. సరే, మొన్న శుక్రవారం సీసాను కిటికీ దగ్గర వదిలావా, లేదా?"

పిట్ట గొంతు తగ్గింది. "ఇంటి నుంచి ఫోనొచ్చింది సార్. పది నిమిషాలు."

"చూశావా మరి." ఆయన గొంతులో కోపం లేదు. అలసట ఉంది. లేజరక్క వైపు తిరిగాడు. "పుస్తకంలో రాసెయ్యమ్మా. పది నిమిషాలు కిటికీ దగ్గర ఉంది, పొడి తెల్లబడింది. ఉన్నదే రాయి. ఈ శుక్రవారం నిధులిచ్చే కమిటీ వస్తోంది, గురువారంలోగా ఈ అమ్మాయి ఏడాది రిపోర్టు పంపాలి. చేయి నిలకడ లేనివాళ్లను పెట్టుకుని నేనేం చెయ్యను?"

లేజర్ గదికి పొడవాటి అట్ట పుస్తకం ఒకటి ఉంది. ఏ సీసా ఎప్పుడు వచ్చింది, రేకు చుట్టి ఉందా, వెలుగు తగిలిందా అన్న గడులుంటాయి అందులో. వాటిని నింపేది స్టూడెంట్లు కాదు, లేజరక్క. తన తప్పు తాను రాసుకునేవాడు ఉండడని సారు ఆ పని ఆమెకు అప్పగించాడు. ఆమె ఒకటి రాస్తే దాని మీద ఇక వాదన ఉండదు. ఆమెకెవరి మీదా పగ లేదని, పక్షం లేదని అందరికీ తెలుసు.

"చేతికి గ్లవ్స్ ఉన్నాయి సార్. తర్వాత రాస్తాను," అంది లేజరక్క.

గ్లవ్స్ ఎప్పుడో తీసేసింది. చీకట్లో ఆయనకు కనబడలేదు.

ఆయన వెళ్లాక పిట్ట కళ్లద్దాలు తీయకుండానే స్టూలు మీద కూలబడింది. "నన్ను పంపించేస్తాడక్కా. రిపోర్టులో 'చేయి నిలకడ లేదు' అని పడితే ఇంకెక్కడా చేర్చుకోరు."

ఆ మాట నిజమని లేజరక్కకు తెలుసు. ఇంతకుముందు ఒకసారి చూసింది. పిట్టను టీ తాగి రమ్మని పంపి, బీరువా అడుగు అరలోంచి ఐదేళ్ల కిందటి పుస్తకం బయటికి లాగింది. వెతకనక్కర్లేకపోయింది. ఆ పేజీ ఎక్కడుందో చేతికే తెలుసు.

"సీసా రెండు నుంచి రెండున్నర దాకా కిటికీ వెలుగులో ఉంది. పొడి తెల్లబడింది." గుండ్రటి అక్షరాలు, కింద ఆమె సంతకం.

అప్పటి స్టూడెంటు నిచ్చెన. బల్బు మార్చాలంటే స్టూలు అక్కర్లేని మనిషి. అతని పొడి కూడా తెల్లగానే ఉండేది, అతని గీత కూడా ఇలాగే తీరిగ్గా జారేది. ఆ ముక్క రాసిన వారానికి అతను తన కప్పు, తువ్వాలు, రెండు నోటు పుస్తకాలు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. పోతూ ఈ గది గుమ్మంలో ఆగి "వస్తానక్కా" అన్నాడు. ఆరు నెలల్లో మళ్లీ తీసుకుంటామని సారు అన్నాడు. ఆ ఆరు నెలలు ఇంకా కాలేదు.

లేజరక్క ఆ రెండు వాక్యాల వంక చూస్తూ నిలబడింది. సీసా అరగంట కిటికీలో ఉన్నమాట నిజం. పొడి తెల్లగా ఉన్నమాటా నిజమే. ఒకదాని వల్లే రెండోది జరిగిందని ఆమె ఎక్కడా రాయలేదు. రెంటినీ తెచ్చి పక్కపక్కన కూర్చోబెట్టిందంతే.

సాయంత్రం ఇంట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మొగుడితో చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు. ఇంటికొచ్చినా కుర్చీలో కూర్చుంటే రోడ్డు చూస్తున్నట్టే ఎదుటి గోడను చూస్తాడు.

"నువ్వు ఉన్నదే రాశావుగా?"

"ఉన్నదే రాశానండీ. అదేగా బాధ."

"ఇదెక్కడి బాధే! లేనిది రాస్తే బాధపడాలి గానీ."

"మీ బస్సుకు గుద్దుకుని ఎవడో పడ్డాడనుకోండి. ఆ పొద్దున మీరు ఒక టీ ఎక్కువ తాగారనుకోండి. కండక్టరు రెండూ కాగితం మీద రాసి ఇస్తే?"

ఆయన గోడ మీది నుంచి చూపు తిప్పి ఆమెను చూశాడు. "మరి నీ ఉద్యోగం కాగితం?" అన్నాడు చివరికి.

ఏటేటా ఈ నెలలోనే ఆమె ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగిస్తూ సారు సంతకం పెడతాడు. అదీ ఈ వారమే.

"అదీ ఆయన బల్ల మీదే ఉంది," అంది లేజరక్క, ఈనె పుటుక్కున తుంచుతూ.

సారు చెడ్డమనిషైతే ఆమెకు ఇంత తంటా ఉండేది కాదు. ఒకసారి అద్దం జారి లేజరు మెరుపు ఆమె కంటి పక్కగా పోతే, ఆయనే తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్లి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాడు. అద్దాలు ఎలా తిప్పాలో, లెన్సు ఎలా తుడవాలో, పన్నెండో తరగతి చదివిన మనిషికి ఓపిగ్గా చేయిపట్టి నేర్పింది ఆయనే. అలాంటి మనిషి పొరపాటు పడతాడని అనుకోవడం ఆమెకు అలవాటు లేదు.

మంగళవారం ఆమె పిట్టను అడిగింది. "ఇంకోసారి కాలమ్ వెయ్యి. ఈసారి నా కళ్ల ముందు. వెలుగన్నది సోకకూడదు. పక్కన ఉండి నేను కాపలా కాస్తా."

కిటికీలకు నల్లగుడ్డ కట్టారు. పిట్ట నిలువెత్తు గాజు గొట్టంలో తెల్లటి సిలికా ఇసుకను పోసి తట్టి తట్టి సర్దింది. గొట్టానికి కిందినుంచి పైదాకా రేకు చుట్టారు. తొక్కలోంచి తీసిన జిగురు ముద్దను పైన వేసి, ద్రావకం పోశారు. ద్రావకం మెల్లగా దిగుతూ ముద్దలోని సరుకును వేరు చేసుకుంటూ పోతుంది. తేలికగా జారేది ముందు, అంటుకునేది వెనక. పిట్ట కింద సీసాలు మారుస్తూ కూర్చుంది. నోట్లో మాట లేదు, చేతిలో తొట్రుపాటూ లేదు. ఒక్క చుక్క బయట పడలేదు. ఆ చేతుల్ని చూస్తూ లేజరక్క, ఈ చేతులకా నిలకడ లేనిది, అనుకుంది.

గంట తర్వాత రేకు అంచు కాస్త ఎత్తి ఒక్క క్షణం టార్చి వేశారు. గొట్టం అడుగున ఒక సన్నటి పసుపు పట్టీ అన్నిటికంటే ముందు దిగిపోతోంది.

"అదేంటి?"

"చెత్త అక్కా. ఎప్పుడూ మొదట వస్తుంది. పారబోయకుండా ఒక సీసాలో పట్టి ఫ్రిజ్‌లో పెడతా. నాకు ఏదీ పారబోయబుద్ధి కాదు. మా అమ్మ తిడుతుంది."

వెనకాల చాలాసేపటికి అసలు అణువు దిగింది. దాన్ని అలాగే రెండోసారి కాలమ్ వేసి, సాయంత్రానికి ద్రావకం ఆవిరి చేస్తే ఫ్లాస్కు అడుగున మిగిలింది. రేకు విప్పి చూశారు. ఒక్క కిరణం సోకని పొడి. పాలలా తెల్లగా ఉంది.

లేజరక్క గోడకు ఆనుకుంది. ఐదేళ్లుగా తెల్లదనం అంటే పాడైపోవడమని అందరూ అనుకున్నారు. ఇది పాడైపోవడం కాదు, శుభ్రపడడం. పసుపు ఆ అణువుది కానే కాదు, దాన్ని అంటిపెట్టుకుని వచ్చిన చెత్తది. సారు ఆ రోజుల్లో ఒక్కసారే కాలమ్ వేసి తీసిన పొడిలో ఆ చెత్త కాస్త మిగిలిపోయింది. శ్రద్ధగా రెండుసార్లు వేసినవాళ్లకే తెల్లగా వచ్చింది. ఆ శ్రద్ధకే ఒకణ్ణి ఇంటికి పంపారు.

బుధవారం కొలిచారు. తెల్లపొడి కలిపితే ఇరవై తొమ్మిది. ఇంకాస్త తెల్లపొడిని కావాలని గంటసేపు కిటికీ వెలుగులో పెట్టి తెచ్చి కొలిచారు. అదీ ఇరవై తొమ్మిదే. వెలుగు దాన్ని ఏమీ చెయ్యలేదు.

"ఇప్పుడు నీ చెత్త తీసుకురా," అంది లేజరక్క.

పిట్ట ఫ్రిజ్‌లోంచి చిన్న సీసా తెచ్చింది. దాని మీద "చెత్త-1" అని రాసి ఉంది. సన్నటి సూదితో, కంటికి ఆనీ ఆననంత చుక్క ఒకటి ద్రావణంలో కలిపింది. లేజరు కొట్టింది. పదిహేడు. ఇంకో చుక్క. పన్నెండు. మూడో చుక్కకు తొమ్మిది. నాలుగో చుక్క పడ్డాక గీత లేచీ లేవగానే కాలు జారినట్టు కింద పడింది. ఏడు.

పిట్ట కెవ్వున అరిచింది. "ఏడు! అక్కా, ఏడు! కెరోటినే అయ్యుంటుంది, క్యారెట్లో ఉండే రంగు. నూటికి ఒక్క పాలున్నా చాలు, కోపిష్టిని మెడ పట్టి గెంటేస్తుంది. సారు అణువు ఏమీ చెయ్యట్లేదక్కా, అంతా చెత్తే చేసింది!" లేజరక్క భుజాలు పట్టుకుని ఊపేసింది. చీకట్లో ఆ గదిలో గెంతకూడదన్న నియమం కూడా ఒకటి ఉంది గానీ, ఆ పిల్లకు అది చెప్పేవాళ్లెవరు.

లేజరక్క నవ్వలేదు. తన స్టూలు మీద కూర్చుని ఏడు అంకె వంకే చూసింది. నిచ్చెన ఎక్కడున్నాడో ఆమెకు తెలుసు. ఊరి చివర గుడ్డల రంగుల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడని విన్నది. ఎప్పుడూ వెళ్లి చూడలేదు. ఎందుకు వెళ్లలేదని ఎవరూ అడగలేదు కూడా.

గురువారం పొద్దున ఆరు గీతలూ కాగితాల మీద తీసుకుని సారు గదికి వెళ్లింది. పిట్టను రావద్దంది. ఆయన కాగితాలు అందుకుని బల్ల మీద వరసగా పరిచాడు. ఒకదాని అంచు ఇంకోదానికి సరిగ్గా ఆనించాడు. చదివాడు. కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడిచి మళ్లీ చదివాడు.

"కెరోటిన్," అన్నాడు తనలో తను. "తొక్కలో ఉండేదే. పసుపు చూసి, అణువు రంగే అంత అనుకున్నాను." కాగితం మీద వేలు పెట్టి ఒక గీతను పైనుంచి కిందిదాకా నిమిరాడు. "ఇది ఇంకెవరు చూశారమ్మా?"

"పిట్ట, నేను."

ఆయన లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. "రేపే కమిటీ. ఇవాళ ఇది బయటపడితే ఈ గదికి తాళమే. కమిటీ వెళ్లాక మనమే నెమ్మదిగా సవరించుకుందాం. మాటిస్తున్నా. ఈలోపు పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉండకూడదు. ఉన్నదే రాయి. పది నిమిషాలు కిటికీ దగ్గర. అందులో అబద్ధం లేదుగా?"

"లేదు సార్. పోయినసారీ లేదు."

ఆయన ఆగాడు. ఆమె ఎవరి గురించి అంటోందో అర్థమైంది. కూర్చున్నాడు.

"ఆ అమ్మాయి ఆరు నెలలు బయట ఉండి రావచ్చు."

"నిచ్చెనకూ ఆరు నెలలే అన్నారు సార్."

బల్ల మీద ఫైలు ఒకటి తెరిచి ఉంది. అన్నిటికంటే పైన ఆమె పొడిగింపు కాగితం, సంతకం చోటు ఖాళీగా. ఆయన దాన్ని తీశాడు. చింపలేదు, విసరలేదు. ఫైల్లోని కాగితాలన్నీ ఎత్తి అట్టడుగున పెట్టి, పైన చేత్తో ఒకసారి సర్దాడు. ఆమె ముఖం వైపు చూడలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. భయంతో కాదు. ఇంత మంచి మనిషి తన ముందు ఇంత చిన్నబోతున్నాడే అని వచ్చింది.

లేజర్ గదికి తిరిగి వచ్చి పుస్తకం తెరిచింది. పెన్ను మూత తీసింది. రాసింది. "సీసా పది నిమిషాలు కిటికీ దగ్గర ఉంది. దానివల్ల ఏమీ కాలేదు. వెలుగు సోకని పొడి, గంట వెలుగులో పెట్టిన పొడి నేనే దగ్గరుండి కొలిపించాను. రెండూ ఒకటే. శుద్ధి చేసిన పొడి తెల్లగానే ఉంటుంది. పసుపు మలినంలోది, చల్లార్చేది కూడా ఆ మలినమే. స్టూడెంటు చేయి నిలకడగా ఉంది." గడి చాలక అంచు మీదికి కూడా రాసి, సంతకం పెట్టింది. పుస్తకం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి వచ్చేసింది.

మధ్యాహ్నం తలుపు మీద రెండుసార్లు తట్టిన చప్పుడైంది. సారు లోపలికి వచ్చి కళ్లద్దాలకోసం చేయి చాచాడు. ఆమె ఇచ్చింది. ఎవరినీ ఏమీ అడగకుండా తానే తెల్లపొడి తూచుకున్నాడు, కలుపుకున్నాడు. సూది తీసుకుని పసుపు చుక్కలు తానే వేశాడు. ఆయన చేతులతో కొలత తీసి ఏళ్లయింది, రెండో చుక్క అంచున పడి ఒలికింది. పిట్ట గుడ్డ అందించింది, తుడిచి మళ్లీ వేశాడు. పదిహేడు, పన్నెండు, తొమ్మిది, ఏడు. ఆయన తెర ముందు అలాగే నిలబడిపోయాడు. లేజరు టిక్ టిక్‌మంటూనే ఉంది, ఆపమని ఎవరూ చెప్పలేదు.

"నీ చేయి బాగుందమ్మా," అన్నాడు పిట్టతో. పుస్తకంలో లేజరక్క సంతకం కింద తన సంతకం పెట్టాడు. జేబులోంచి పిట్ట రిపోర్టు తీసి దాని మీదా పెట్టాడు. వెళ్లబోతూ గుమ్మం దగ్గర, "నీ కాగితం సంగతి తర్వాత చూద్దాంలే," అన్నాడు. ఆ 'తర్వాత' ఎప్పటికి వస్తుందో ఆమెకు తెలుసు.

శుక్రవారం కమిటీతో ఆయన ఏం చెప్పాడో బయటికి తెలియలేదు. తలుపు మూసిన గదిలో మొదట నవ్వులు వినబడ్డాయి, ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. పిట్ట మాత్రం నిలిచింది.

శనివారం లేజరక్క రెండు బస్సులు మారి రంగుల ఫ్యాక్టరీకి వెళ్లింది. ఆరు కాగితాలూ మడతపడకుండా అట్టలో పెట్టుకుంది. దారి పొడుగునా మనసు ఒక రకంగా తేలిగ్గానే ఉంది. ఇన్నాళ్లకైనా మంచి మాట పట్టుకుని పోతున్నానుగా అనుకుంది. అతను ఎగిరి గంతేస్తాడేమో, తిడతాడేమో. తిడితే పడదామని కూడా సిద్ధపడింది.

నిచ్చెన ఉన్నది రంగు వెలిసే పరీక్షల గది. గుడ్డ పీలికల్ని సగం అట్టతో కప్పి, సగం పెద్ద దీపం కింద పెడతారు. రోజులు గడిచాక అట్ట తీసి, ఏ సగం ఎంత వెలిసిందో పోల్చి చూస్తారు. ఆమె వెళ్లేసరికి అతను తక్కెడ ముందు వంగి రంగు పొడి తూస్తున్నాడు. ఆమెను చూసి ముఖమంతా విప్పారింది.

"అక్కా! నువ్వేంటి ఇక్కడ! ఒక్క నిమిషం కూర్చో, ఇది అయిపోనీ." తక్కెడ అంకె చూసి, పక్క బల్ల దగ్గరున్న నడివయసు ఆవిడను పిలిచాడు. "ఒకసారి చూస్తారా, రెండు గ్రాములేగా?"

ఆవిడ లేవకుండానే మెడ చాచి చూసింది. "రెండే బాబూ. పొద్దున్నుంచి ఇది పదకొండోసారి. నీ తక్కెడకు నేను పెళ్లి పెద్దనా ఏంటి?" గదిలో వాళ్లు నవ్వారు. నిచ్చెన కూడా నవ్వి, పొడి సీసాలో పోసి మూత బిగించి, అది బిగిసిందో లేదో ఆవిడకు ఇంకోసారి చూపించి వచ్చాడు.

లేజరక్క కాగితాలు పరిచి చెప్పింది. తెల్లపొడి, పసుపు పట్టీ, చెత్త సీసా, నాలుగు చుక్కలు. అతను చదువుకున్నవాడు, సగంలోనే అర్థమైపోయింది. ఏడు అంకె మీద వేలు పెట్టి ఉంచాడు.

"అయితే నా పొడి పాడవలేదు."

"పాడవలేదు. నీదే బాగుంది. అందరికంటే నీదే శుభ్రంగా ఉంది."

అతను గంతెయ్యలేదు. తిట్టలేదు. తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటి వంకే చూశాడు, ఎవరివో అన్నట్టు.

"నేనే పాడుచేశాననుకున్నానక్కా ఇన్నాళ్లూ. ఆ అరగంట కిటికీలో ఎందుకు పెట్టానా అని... ఇక్కడ ఏది తూచినా పక్కవాళ్లకు చూపించందే నమ్మకం కుదరదు. నువ్వు చూశావుగా, నవ్వుతారు. ఇంట్లో పాపకు జ్వరమొస్తే మందు మా ఆవిడే కొలిచి పోస్తుంది. నన్ను పొయ్యమంటే సీసా కింద పెట్టేస్తా."

"సారు అలా అనేసరికి..." అంది లేజరక్క.

"సారు అంటే ఏముందక్కా. సారు వంద అన్నాడు, నేను ఒక్కటీ నమ్మలేదు. ఆయన అణువు మీద ఆయనకు ప్రేమ, అంటాడు. పోట్లాడదామనే ఆ రోజు నీ గదికి వచ్చా. బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది." అతని గొంతులో నిష్ఠూరం లేదు, జరిగింది జరిగినట్టు చెబుతున్నాడు. "నువ్వు రాశావు కాబట్టి నమ్మాను."

తాను ఉన్నదే రాశానన్న మాట ఒకటి ఆమె రెండు బస్సుల్లోనూ కూడగట్టుకుని తెచ్చుకుంది. అది నోట్లోంచి రాలేదు.